విద్యార్థుల గణాచారము

వీరశైవమున పంచాచారములు ప్రసిద్ధములు. లింగాచారము, సదాచారము, శివాచారము, గణాచారము, భృత్యాచారము అని వాని పేళ్లు. ఇందు గణాచారమును గూర్చి చెప్పునపుడు శివనింద వినబడిన చోట భక్తుడు సహింపరాదను మాట మాత్రమే సాధారణముగా జ్ఞాపకము చేయబడుచుండును. ఆ మాట సత్యమే. కాని గణమనగా శివుని నమ్మి కలిసి బ్రదుకువారి సమూహము. ఆ సమూహములో నొకనికి కీడు మూడుచుండగా చూచియు చూడనట్లుండుట గణాచారమునకు లోపము కాదా? శివనింద నోటితో మాత్రమే జరుగునది కాదు. ఇష్టలింగమును ధరించిన దేహమును, ఆ లింగమును చూడవలసిన కన్నును, దానిని తలపవలసిన మనస్సును చెరచుటయు శివనిందయే. నోటితో చేసిన నింద గాలిలో కలిసిపోవును. దేహముతో చేసిన నింద ఇంటిల్లిపాదిని ఏండ్ల తరబడి ఏడిపించును.

అట్టి కీడు ఈనాడు పాఠశాల గడప వరకు వచ్చి నిలిచినది. కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖ ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ ద్వారా దేశమంతట జరిపించి 2019లో ప్రకటించిన సర్వేలో 10 మొదలు 75 ఏండ్ల లోపువారిలో గంజాయి, భంగు సేవించువారు దాదాపు 3.1 కోట్లు, నల్లమందు జాతి మత్తులను వాడువారు దాదాపు 2.26 కోట్లు అని తేలినది. అంతకంటె గుండె కలచివేయు సంగతి మరియొకటి అందు కలదు. వైట్‌నరు, పంక్చర్లు వేయు సొల్యూషను, పెట్రోలు వంటి వానిని గుడ్డలో పోసి పీల్చు అలవాటు పెద్దలలో 0.58 శాతము కాగా, 10 నుండి 17 ఏండ్ల పిల్లలలో 1.7 శాతము. పెద్దలకంటె పిల్లలలోనే హెచ్చుగా కనబడిన మత్తు ఆ సర్వేలో ఇదొక్కటే. ఏల? అది చవకగా దొరకును. పుస్తకముల సంచిలో ఇముడును. అడిగినవారికి తప్పు దిద్దుకొనుటకని చెప్పవచ్చును. వ్రాతలోని తప్పును చెరుపుటకు చేసిన తెల్లని ద్రవము వ్రాసెడి పిల్లవానినే చెరుపుచున్నది.

ఈ మొదటి పీల్పును పిల్లవానికి అందించునది ఎవరు? తల్లిదండ్రుల ఊహలో వాడెవడో ముఖమెరుగని పరాయివాడు. నిజమునకు పెక్కు సందర్భములలో ఆ చేయి తెలిసినవానిది, ప్రక్క బల్లపై కూర్చుండువానిది, ఆటలో తోడు వచ్చువానిది. పిల్లవాడు మత్తును కోరి దానిని పట్టుకొనడు. స్నేహము పోవునేమో యను భయముతో పట్టుకొనును. వద్దన్నచో పిరికివాడందురు, అమ్మకూచి అందురు, మరునాటి నుండి ఆటకు పిలువరు. పదమూడేండ్ల పిల్లవానికి ఈ శిక్ష చిన్నది కాదు. ముందు వెనుకలు తూచి ఆవేశమును అదుపుచేయు మెదడు భాగము ఇరువదియైదేండ్ల ప్రాయము వరకు పెరుగుచునే యుండునని వైద్యులు చెప్పుదురు. తూచు త్రాసు ఇంకను తయారు కాకమునుపే బరువు వచ్చి మీద పడుచున్నది. ఏ ద్వారమున కీడు ప్రవేశించుచున్నదో ఆ ద్వారముననే కావలి యుండవలెను. స్నేహము ద్వారా వచ్చు కీడునకు స్నేహమే కావలి.

ఇక్కడ శివభక్తులు ప్రత్యేకముగా విచారింపవలసిన మాట యొకటి యున్నది. గంజాయి శివునికి ప్రియమైనదని, అది ఆయన ప్రసాదమని కొందరు యువకులు చెప్పుచుందురు. చిలుము పట్టిన శివుని బొమ్మలను చొక్కాల మీద ముద్రించుకొని తిరుగుదురు. శివుడు హాలాహలమును స్వీకరించిన మాట నిజము. అయితే ఎందులకు స్వీకరించెను? లోకము దానిచే కాలిపోవుచుండగా తక్కినవారికి అది సోకకుండుటకు. ఎక్కడ నిలిపెను? కంఠమున నిలిపెను. సుఖము కోరి త్రాగలేదు, నలుగురికి పంచిపెట్టలేదు. శివుడు విషమును తాను పట్టి లోకమును బ్రదికించెను. గంజాయి పీల్చువాడు తన సుఖమును తాను పట్టి విషమును ఇంటిలోనివారికి పంచుచున్నాడు. ఈ రెంటికి పోలిక ఎక్కడిది?

ప్రసాదమను మాటకును వీరశైవమున నిశ్చితమైన అర్థమున్నది. పదార్థము లింగమునకు అర్పితమైన పిదప ప్రసాదమగును. అర్పించువానికి ఎరుక యుండవలెను, అర్పణమున భయభక్తులుండవలెను, స్వీకరణమున శుచి యుండవలెను. ఎరుకనే హరించు వస్తువును ఏ ఎరుకతో అర్పింతురు? ఇష్టలింగమును అరచేత నిలిపి దృష్టిని దానియందు స్థిరముగా నుంచుట శివయోగము. మత్తున తేలు కన్నునకు అరచేయియే నిలువదు, ఇక లింగమెట్లు నిలుచును? కావున గురువులు, జంగమమూర్తులు ఈ మాటను మఠములలో పిల్లలకు స్పష్టముగా చెప్పవలసి యున్నది. పెద్దలు మౌనముగా నున్నచోట శివుని పేరు మత్తు వ్యాపారికి ప్రకటన పలకయగును.

అయితే పిల్లలను కాపాడు పనిలో పిల్లలే ముందు నడువవలెననుట ఎట్లు పొసగును, అది పెద్దల పని కాదా యని సందేహము కలుగవచ్చును. పాల్కురికి సోమనాథుడు తెలుగున రచించిన బసవపురాణమున బాలుడైన బసవన తండ్రి తలపెట్టిన ఉపనయనమును నిరాకరించిన కథ కలదు. ఇంటి పెద్దలు, ఊరి పెద్దలు ఒక త్రోవను చూపుచుండగా, తాను నమ్మిన శివభక్తికి అది పొసగదని ఒక బాలుడు వద్దనెను. వద్దనుటకు వయస్సు అడ్డు రాలేదు. పెద్దల ఎదుట ధర్మము కొరకు వద్దనగలిగిన బాలుని ఆరాధించు సమాజమునకు, తోటివాని ఎదుట ఆరోగ్యము కొరకు వద్దనుట తన పిల్లలకు నేర్పుట కష్టమా? బసవేశ్వరుని మేనల్లుడు చెన్నబసవేశ్వరుడు పిన్న వయస్సుననే షట్‌స్థల జ్ఞానమున పెద్దలకు ప్రమాణమయ్యెను. వయసు చూచి వాక్కును తూచుట శరణుల పద్ధతి కాదు.

అంతకంటె ముఖ్యమైనది అనుభవమంటపపు పద్ధతి. పన్నెండవ శతాబ్దమున కల్యాణమున శరణులు కూడిన ఆ గోష్ఠిలో మడివాళ మాచయ్య బట్టలుదుకువాడు, అంబిగర చౌడయ్య పడవ నడుపువాడు. అల్లమప్రభువు అధ్యక్షుడై యుండగా స్త్రీలు, పురుషులు, ఏ కాయకమువారైనను తమ అనుభవమును తమ మాటలలో చెప్పిరి. పైనుండి ఒకడు చెప్పుట, క్రిందనుండి పదుగురు వినుట అక్కడి రీతి కాదు. సమానులు సమానులతో మాటలాడుకొనిరి. పాఠశాలలో మత్తును నివారించుటకు ఈనాటి పరిశోధకులు కనుగొన్న మార్గమును చూచినచో అది ఈ పాత దారికి చాల దగ్గరగా నున్నది.

మన దేశముననే ఇందులకు నిదర్శనమున్నది. 2004 నుండి 2006 వరకు ఢిల్లీలో 16, చెన్నైలో 16, మొత్తము 32 పాఠశాలలలో ఒక ప్రయత్నము జరిగినది. దాని పేరు ప్రాజెక్ట్ మైత్రి. ఆరవ తరగతి, ఎనిమిదవ తరగతి విద్యార్థులతో ఆరంభించి రెండేండ్లు నడిపిరి. సగము పాఠశాలలలో కార్యక్రమము జరిపి తక్కిన సగమును పోలికకై విడిచిరి. ఉపాధ్యాయుల పర్యవేక్షణలో విద్యార్థి నాయకులు తమ తరగతిలో చిన్న చిన్న జట్లను కూర్చి పొగాకును గూర్చి చర్చలు నడిపిరి, ఆటలు ఆడించిరి, గోడపత్రములు కట్టిరి, తల్లిదండ్రులకు సమాచారము పంపిరి. ఆ పాఠశాలలలో పొగాకు వాడకము 17 శాతము తగ్గినది. పోలికకు విడిచిన పాఠశాలలలో 68 శాతము పెరిగినది. ఆ ఫలితము 2009లో ప్రచురింపబడినది. పొగాకు తక్కిన మత్తులకు తలవాకిలి వంటిది. కావున ఈ ఫలితమును గంజాయి విషయమునను ఆలోచించువారు ఉపేక్షింపరాదు.

బ్రిటనులో జరిగిన మరియొక ప్రయత్నముయొక్క ఫలితము 2008లో వెలువడినది. ఇంగ్లండు, వేల్సు ప్రాంతములలోని 59 పాఠశాలలలో 12, 13 ఏండ్ల విద్యార్థులు 10 వేలకు పైగా అందు పాల్గొనిరి. అక్కడ నాయకులను ఉపాధ్యాయులు ఎన్నుకొనలేదు. మీ తరగతిలో ఎవరి మాట మీరు విందురు, ఎవరిని గౌరవింతురు అని విద్యార్థులనే అడిగిరి. ఎక్కువమంది పేర్కొన్నవారికి రెండు దినములు శిక్షణ ఇచ్చిరి. తరువాత పది వారములపాటు ఆ పిల్లలు భోజన విరామమున, బస్సులో, ఇంటికి పోవు దారిలో తోటివారితో ఇచ్ఛాపూర్వకముగా మాటలాడిరి. ఉపన్యాసములు లేవు, ఊరేగింపులు లేవు. రెండేండ్ల పిమ్మట చూడగా ఆ పాఠశాలలలో పొగత్రాగుట కలవాటుపడు అవకాశము ఇంచుమించు 22 శాతము తక్కువగా నున్నది. ఇందలి కిటుకు ఎన్నికలోనే యున్నది. మార్కులు హెచ్చుగా వచ్చువాడు, ఉపాధ్యాయునికి ఇష్టుడు తోటివారికి కూడ ఆప్తుడై యుండవలెనను నియమము లేదు. వెనుక బల్లపై కూర్చుండి అందరిని నవ్వించు పిల్లవాని మాట కొన్నిచోట్ల ప్రధానోపాధ్యాయుని మాటకంటె ఎక్కువ దూరము పోవును.

విఫలమైన దారులను కూడ చెప్పుకొనవలెను. అమెరికాలో 1983లో లాస్ ఏంజిలెస్ నగరమున పోలీసు అధికారులు తరగతిలోనికి వచ్చి పాఠము చెప్పు పద్ధతి మొదలై దేశమంతట వ్యాపించినది. దాని తొలినాటి రూపమును పెక్కు పరిశోధనలలో పరీక్షించి చూడగా పిల్లల అలవాటుపై ఫలితము మిక్కిలి స్వల్పమని తేలినది. ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్య నేరముల కార్యాలయము 2013లో ప్రకటించి, ప్రపంచ ఆరోగ్య సంస్థతో కలిసి 2018లో సవరించిన ప్రమాణములు కూడ భయపెట్టుటవలన గాని, వట్టి సమాచారము నిచ్చుటవలన గాని నివారణ జరుగదని చెప్పుచున్నవి. పుఱ్ఱె బొమ్మను చూచి పిల్లవాడు ఒక దినము భయపడును. మరునాడు పీల్చియు చావని మిత్రుని చూచి, పెద్దలు చెప్పినది అబద్ధమనుకొనును. అంతటితో పెద్దల తక్కిన మాటలును వానికి అబద్ధములగును.

విద్యార్థి నాయకత్వమునకును హద్దున్నది. దక్షిణ కాలిఫోర్నియాలోని విద్యార్థులపై జరిగి 2007లో ప్రచురింపబడిన అధ్యయనమున ఒక హెచ్చరిక కలదు. తోటివారి ద్వారా నడచిన కార్యక్రమము మొత్తముమీద మేలు చేసినను, అప్పటికే మత్తు వాడు స్నేహితులు చుట్టునున్న విద్యార్థులలో అది వాడకమును పెంచినది. కారణము తెలియనిది కాదు. నలుగురు వాడువారిని ఒకచోట కూర్చి మాటలాడుకొమ్మన్నచో వారు మానుటను గూర్చి గాక వాడుటను గూర్చి ముచ్చటింపవచ్చును. సత్సంగము మేలు చేయునను పెద్దల మాటలోనే దుస్సంగము కీడు చేయునను మాటయు ఇమిడియున్నది. కావున జట్టును కూర్చుటలో వివేకము, నాయకులకు శిక్షణ, వెనుక నిలిచి చూచు ఉపాధ్యాయుడు, ఈ మూడును తప్పనిసరి. అనుభవమంటపమునకు కూడ అల్లమప్రభువు వంటి అధ్యక్షుడు కావలసివచ్చెను గదా!

ఇట్టి జట్లు నేడు తెలుగునాట ఏర్పడుచున్నవి. జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషను, మాదకద్రవ్య నియంత్రణ సంస్థ కలిసి 2021లో రూపొందించిన ప్రణాళిక ననుసరించి పాఠశాలలలో ప్రహరీ క్లబ్బులు వెలసినవి. 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము నెలకొల్పిన ఈగల్ విభాగము విద్యాసంస్థలలో ఈగల్ క్లబ్బులను ఏర్పరచుచున్నది. ప్రహరి యనగా కావలివాడు. ఇక్కడనే ఒక జాగ్రత్త అవసరము. కావలి యనగానే పిల్లవాడు అమ్మువాని వెంటబడవలెనని గాని, చాటున నిలిచి ఫొటోలు తీయవలెనని గాని అర్థము కాదు. అది పోలీసుల పని. ప్రాణమునకు అపాయము గల పని. పిల్లలకు గాని, విద్యాలయమునకు నూరు గజముల లోపల గాని పొగాకు అమ్మరాదని 2003 నాటి చట్టము చెప్పుచున్నది. పిల్లలకు మత్తు ఇచ్చువారికిని, పిల్లలచేత మత్తు మోయించువారికిని ఏడేండ్ల వరకు కఠిన కారాగారము, లక్ష రూపాయల వరకు జరిమానా కలవని 2015 నాటి బాలల న్యాయ చట్టము చెప్పుచున్నది. ఆ చట్టములను నడిపించుట పెద్దల బాధ్యత. పెద్దలు తమ బరువును పిల్లల భుజములపై మోపి తాము నిద్రింపరాదు.

మరి విద్యార్థులు చేయవలసిన దేమి? వద్దనుటను అభ్యాసము చేయుట మొదటిది. వద్దనుట కూడ ఒక విద్య. స్నేహము చెడకుండ, ఎదుటివానిని తిట్టకుండ, నవ్వుచు వద్దనుటెట్లో తరగతిలో ఇద్దరిద్దరుగా నిలిచి చెప్పి చూచుకొనవలెను. అందరును వాడుచున్నారను అపోహను పోగొట్టుట రెండవది. నిజమునకు వాడువారు కొద్దిమంది, వాడనివారు పెక్కుమంది. అయితే వాడువాడు గొప్పలు చెప్పుకొనును, వాడనివాడు మాటలాడడు. ఆ మాటలాడనివారికి నోరు కల్పించుటయే జట్టు పని. ఒంటరియైనవానిని ఆటకు పిలుచుట మూడవది. పరీక్ష తప్పినవాడు, ఇంట కలహముతో నలిగినవాడు, క్రొత్తగా హాస్టలుకు వచ్చి బెంగపడువాడు, వీరి ప్రక్కన కూర్చుండువాడు ఎవడను ప్రశ్నకు మంచి మిత్రుడు జవాబు కానిచో మత్తు జవాబగును.

నాల్గవది అన్నిటికంటె కష్టమైనది. ఒకడు మత్తులో పడినట్లు మిత్రునికి తెలియును. ఎవరికిని చెప్పవద్దని వాడు చేయి పట్టుకొని ఒట్టు వేయించుకొనును. చెప్పినచో స్నేహద్రోహము, చెప్పనిచో ప్రాణద్రోహము. పదునాలుగేండ్ల పిల్లవాని హృదయమున జరుగు ఈ యుద్ధమును పెద్దలు తేలికగా తీసికొనరాదు. గణాచారము ఇచ్చట మార్గము చూపుచున్నది. గణములో నొకని ప్రాణము మాటకంటె పెద్దది. బావిలో పడినవాడు ఎవరికిని చెప్పవద్దన్నను త్రాటి కొరకు పరుగెత్తనివాడుండడు. కాని చాటుగా పోయి చాడీ చెప్పుట వేరు, నేను నీతో వచ్చెదను, ఇద్దరము కలిసి మాష్టారికి చెప్పుదమని చేయి విడువకుండుట వేరు. వాడు రాకున్నను, చెప్పబోవుచున్నానని వానికి ముందుగా తెలిపి చెప్పుటలో ద్రోహము లేదు.

అయితే పిల్లవాడు చెప్పిన పిదప పెద్దలు చేయుదానిపైననే సర్వమును ఆధారపడియున్నది. పేరు చెప్పగానే పదుగురి ఎదుట నిలిపి కొట్టి, పరువు తీసి, బదిలీ పత్రము చేతికిచ్చి పంపివేసినచో ఆ పాఠశాలలో మరియొక పిల్లవాడు ఎన్నడును నోరు విప్పడు. ఇక్కడనే గణాచారమునకు ప్రక్కన భృత్యాచారము నిలువవలెను. భృత్యాచారమనగా తాను అందరికంటె చిన్నవాడనని, శివభక్తులకు సేవకుడనని భావించి మెలగుట. గణాచారము మాత్రమే యున్నచో అది కఱ్ఱ పట్టును. భృత్యాచారము తోడైనచో అదే చేయి పట్టును. ఒక మాధ్యమునకు బానిసయైనవాడు రోగి. స్వల్ప పరిమాణముతో పట్టుబడిన వ్యసనపరుడు తానై గుర్తింపు పొందిన సంస్థలో చికిత్సకు సిద్ధపడినచో అభియోగము నుండి మినహాయింపు ఇచ్చు ఏర్పాటు 1985 నాటి మాదకద్రవ్యముల చట్టముననే యున్నది. కఠినమైన చట్టమునకున్న దయ పాఠశాలకు, మఠమునకు, ఇంటికి లేకపోవుట తగునా?

కల్యాణపు శరణులలో హెండద మారయ్య యను భక్తుడుండెను. కల్లు అమ్ముట ఆయన కాయకము. త్రాగవచ్చినవారికి త్రాగుడులోని కీడునే ఆయన బోధించెడివాడని జనశ్రుతి. కల్లుకుండ ప్రక్కన కూర్చున్నవానిని కూడ కల్యాణము వెలివేయలేదు, వచనకారులలో నొకనిగా నిలుపుకొన్నది. కాయకము శుద్ధమైనగాని దాసోహము శుద్ధము కాదను బసవమార్గమును అనుసరించు గణములో బడ్డీకొట్టు నడుపువారు, మందుల దుకాణము నడుపువారు, కిరాణా వ్యాపారులు పెక్కుమంది కలరు. పాఠశాల దుస్తులలో వచ్చిన పిల్లవానికి సిగరెట్టు అమ్మిన రూపాయి, చీటీ లేక నిద్రమాత్రలు అమ్మిన రూపాయి జంగమ దాసోహమునకు తగునా యని ప్రతివారును తమ గల్లాపెట్టెను ఒకమారు ప్రశ్నించుకొనవలెను. పెండ్లిండ్లలో, విందులలో మద్యపు సీసా ముందుంచుకొని పిల్లలకు నీతి చెప్పు తండ్రి మాట గోడకు చెప్పిన మాట.

ప్రతి సంవత్సరము జూన్ 26వ తేదీని మాదకద్రవ్య వ్యతిరేక దినముగా పాటింపవలెనని 1987లో ఐక్యరాజ్యసమితి తీర్మానించినది. తెలుగునాట బడులు తెరచిన కొలది దినములకే ఆ దినము వచ్చును. ఆనాడు ఒక ఊరేగింపు జరిపి మరునాడు మరచుట కంటె, ఆ దినమున ప్రతి మఠము తన ఊరి పాఠశాలను ఒకమారు దర్శించి, మీ విద్యార్థి జట్టుకు ఏమి కావలెనని అడుగుట మేలు. కూడుటకు ఒక గది, ఆటకు ఒక బంతి, గోడపత్రములకు కాగితము, మాట వినుటకు ఓపిక గల ఒక పెద్ద దిక్కు, ఇంతకు మించి వారడుగరు. అదియు దాసోహమే. వ్యసనముక్తికి సలహా కోరువారికి 14446, ఆపదలో నున్న బాలలకు 1098 అను ఉచిత ఫోను సంఖ్యలు ప్రతి తరగతి గోడపై కనబడవలెను.

గణమును కాచుట గణాచారము. కాచునపుడు వంగి నిలుచుట భృత్యాచారము. ఈ రెండును ఎరిగిన ఒక్క విద్యార్థి తన బల్లపై ఉన్న ఒక్క మిత్రుని కాపాడినను ఆ తరగతి గది అనుభవమంటపమగును. పిల్లలు ఆ పనికి సిద్ధముగా నున్నారు. వారి మాట వినుటకు పెద్దలు సిద్ధపడుటయే మిగిలియున్నది.